మా నాన్న వంతు ఎలుగు

ఏప్రిల్ 2, మంగళవారం

ఈ పుస్తకం ముందు పేజీల్లో వేటగాళ్ళ సంఘం మినిట్స్ ఉంటాయి. వెనక నుంచి తిప్పితే నేనుంటాను. ముందువైపు ఎవరు ఏం తీర్మానించారో రాస్తాను, వెనకవైపు ఎవడు ఎంత వెధవో రాస్తాను. పందొమ్మిదేళ్ళుగా సెక్రటరీని, ఒక్కడంటే ఒక్కడు పుస్తకం తిరగేసి చూడలేదు. ముందువైపే చదవనివాళ్ళు వెనకవైపు ఏం చదువుతారు?

ఇవాళ చీటీలు తీశాం. గవర్నమెంటు పై బోర్డు ఈ ఏడు మా మంచు దేశపు ఊరికి ఎనిమిది తెల్ల ఎలుగుల్ని కొట్టుకోమని రాసింది. పోయినేడు పది. హెలికాప్టర్ వేసుకుని తిరిగి లెక్కపెడితే తగ్గినట్టు తేలిందట. ఆ చప్పుడికి నేనే మంచం కిందకి దూరతాను, ఎలుగు మాట చెప్పేదేముంది అన్నాడు సంఘంలో పెద్దవాడు మార్కూసీ తాత. "పెద్దలు భిన్నాభిప్రాయం వ్యక్తం చేశారు" అని మినిట్స్‌లో రాశాను.

ఎనభై ఆరు పేర్లు, ఎనిమిది చీటీలు. చీటీ వచ్చినవాడికి వరసలో తన వంతు రాగానే నలభై ఎనిమిది గంటలు గడువు. ఈలోగా కొట్టుకొస్తే సరి, లేకపోతే ఆ చీటీ ఇంకొకరికి పోతుంది. టోపీ పట్టుకుని నిలబడేది నేను. అందులో నా పేరూ ఉంటుంది. పందొమ్మిదేళ్ళలో రెండే సార్లు వచ్చింది. మొదటిసారి రెండు రోజులూ మంచు తుఫానులో గుడారం పట్టుకుని కూర్చున్నాను. రెండోసారి విరేచనాలు. అంటే యాభై ఐదేళ్ళు వచ్చినా నేనింతవరకు ఎలుగుని కొట్టలేదు. ఊళ్ళో నన్ను కాగితాల వేటగాడంటారు. నా మొహం మీదే అంటారు, అదొక్కటి మెచ్చుకోవాలి.

ఎనిమిదో చీటీ మా నాన్నకి వచ్చింది.

మా నాన్న వయసు ఇరవై తొమ్మిది. ఊరంతటికీ నీళ్ళ లారీ నడుపుతుంది. రెండేళ్ళుగా సంఘానికి అధ్యక్షురాలు కూడా. అసలు నాన్న పోయిన నలభై రోజులకి ఊళ్ళో ఇంకొకరి ఇంట్లో పుట్టింది నౌయా. మా అమ్మే పురుడు పోసి, బొడ్డు కోసి, తన మొగుడి పేరే పెట్టింది. మావాళ్ళ లెక్కలో పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. కాబట్టి నేను ఆ పిల్లని నాన్నా అని పిలవాలి, ఆ పిల్ల నన్ను ఒరేయ్ అబ్బాయ్ అంటుంది. మా అమ్మకి మాత్రం 'ఆయన'. మీటింగులో "అధ్యక్షా" అని మొదలుపెట్టి "సరే నాన్నా" అని ముగించేవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఎలుగు సంగతి అమ్మకి చెప్పాను. ఎనభై మూడేళ్ళ మనిషి, ఈ చలికాలం అంతా రొట్టె సగం తిని సగం వదిలేస్తోంది. తుంటి ఎముకలో చలి కూర్చుందంటుంది. చీటీ మాట వినగానే లేచి కూర్చుంది.

"ఆయనకొచ్చిందా? చూశావా, మాట మర్చిపోలేదు" అంది.

పడక మీద పరుచుకోడానికి తెల్ల తోలు తెచ్చిపెడతానని నాన్న మాటిచ్చాడట. తేకుండానే పోయాడు. ఇప్పుడు నౌయాకి ఇదే మొదటి ఎలుగు. మొదటి వేట ఏదైనా, మొత్తం బొడ్డు కోసిన చేతికే పోవాలి. అంటే మా అమ్మకి. మొగుడిచ్చిన మాటగా ఒకసారి, మంత్రసానికి కానుకగా ఒకసారి, రెండు రకాలుగా ఆ తోలు ఆవిడదే. మంచం గోడకి జరపమంది, తోలు కాళ్ళ దాకా పరుచుకుంటే గోడ చలి తగలదట. జరిపాను.

పందొమ్మిదేళ్ళలో నా చేతిలో టోపీ చూసింది కానీ, తోలు నువ్వు తెస్తావా అని ఒక్కసారి అడగలేదు ఆవిడ. నాకేం బాధ లేదు. ఊరికే రాస్తున్నాను.


ఏప్రిల్ 5

మొదటి రెండూ వచ్చేశాయి. రెండూ మగవే. నా బల్ల మీద రెండు కింది దవడలు, రెండు ఎముకలు. దవడలో పన్ను కోసి చూసి వయసు చెబుతారట. ఎముక సంగతి... మగ ఎలుగుకి అక్కడ ఎముక ఉంటుంది, మగదని రుజువు కోసం పంపాలి. ఆఫీసు ఫ్రీజరు పాడైతే సంచీ ఇంటికి తెచ్చాను. మా ఆవిడ ఇలిసాపి చేపముక్కల కోసం చెయ్యిపెట్టి అది బయటికి లాగింది.

"ఇన్నాళ్ళకి ఇంటికి ఒకటి తెచ్చావు, అదీ గవర్నమెంటుదే" అంది.


ఏప్రిల్ 9

నాలుగు అయ్యాయి. ఐదోవాడు ఆడదాన్ని కొట్టొచ్చాడు. ఆడది పోతే వచ్చే ఏడు లెక్కలో కోత పడుతుందని పెద్దలు గంటసేపు తిట్టారు. వెనక నుంచి ఎలా తెలుస్తుందని వాడు అడిగాడు. ముందు నుంచి చూసి ఉంటే తెలిసేది, చెప్పడానికి నువ్వుండేవాడివి కాదంతే అన్నాడు మార్కూసీ తాత.

నీళ్ళ లారీ మా ఇంటికొచ్చింది. నౌయా పైపు పెట్టి, బూట్లు దులుపుకుని లోపలికొచ్చి, "ఏమే, రొట్టె ఏమైనా ఉందా?" అని మా అమ్మని అడిగింది. మా అమ్మ సిగ్గుపడింది. ఎనభై మూడేళ్ళకి. తను తినాల్సిన రొట్టె తీసి 'ఆయన' చేతిలో పెట్టింది. ఇద్దరూ కూర్చుని ఏ దారిన వెళ్ళాలి, ఏ మంచు గట్టు దగ్గర కాపు వెయ్యాలి అని మాట్లాడుకున్నారు. నన్నెవరూ అడగలేదు. వెళ్తూ వెళ్తూ నా స్నోమొబైల్ చూసి, "ఒరేయ్ అబ్బాయ్, ఆ బెల్టు మార్చు, దారిలో తెగి చస్తావు" అంది.

మా నాన్న కూడా ఇదే గొంతుతో అనేవాడు. మారుస్తాను.

మార్చలేదు.


ఏప్రిల్ 13, శనివారం

ఇవాళ ఎలుగుని కాల్చాను. ఆత్మరక్షణ. నలభై అంగల దూరంలో ఉంది, నా మీదకే వస్తోంది. ఇంకో దారి లేదు.

ఆకలి లేదు. పడుకుంటాను.


ఏప్రిల్ 14

నిన్న అలసిపోయి సరిగ్గా రాయలేదు. వరసగా రాస్తాను.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన అగ్రం దగ్గర, నా గుడిసె పక్కన గూట్లో దాచిన సీలు జంతువు మాంసం చూసుకుందామని వెళ్ళాను. శనివారం కదా, ఆఫీసు లేదు. ఏడోవాడి గడువు నడుస్తోందనీ, సోమవారం పొద్దున నౌయా గడువు మొదలవుతుందనీ నాకు గుర్తే లేదు. అసలు నేనెందుకు గుర్తుపెట్టుకోవాలి? నేను వెళ్ళింది మాంసం చూడ్డానికి. మాంసం చూడ్డానికి పెద్ద తుపాకీ ఎందుకు అని ఇలిసాపి అడిగింది. ఎలుగులున్న చోటికి చీపురు పట్టుకెళ్తానా?

వెళ్ళేసరికి ఎలుగు మాంసం గూడు దగ్గర ఉంది. నన్ను చూసింది. వచ్చింది. పాతిక అంగలు ఉంటుందేమో. కాల్చాను. పెద్ద మగది. రుజువు ఫ్రీజర్‌లో ఉంది.

"ఎలుగు కనబడితే ఏం చేయాలి" అని కోఆపరేటివ్ కొట్టు గోడ మీద అంటించిన కాగితం రాసింది నేనే. ముందు అరవాలి, తర్వాత బండి హారన్ కొట్టాలి, తర్వాత టపాకాయ తుపాకీ పేల్చాలి, తర్వాత గాల్లోకి కాల్చాలి, ఏదీ పనిచెయ్యకపోతేనే దాని మీద. రాయడానికి బాగానే ఉంటుంది. అది మీదకొస్తుంటే గోడ మీద కాగితం ఎవడికి గుర్తొస్తుంది? ఇరవై అంగల్లో వస్తుంటే.

ఊళ్ళోకి తెచ్చేసరికి జనం వచ్చారు. కత్తులు తెచ్చుకుని మాంసం పంచుకున్నారు. ఎవరూ కాగితాల వేటగాడనలేదు. ఇద్దరు ముసలాళ్ళు నా భుజం తట్టారు. ఎంత హాయిగా ఉందో రాయకూడదు, రాస్తున్నాను.

తోలుని మాత్రం గవర్నమెంటు ఆఫీసరు పట్టుకెళ్ళి సంఘం షెడ్డులో పెట్టాడు. దక్షిణం నుంచి వచ్చినవాడు, మంచివాడే. ఆత్మరక్షణ అవునో కాదో మీ సంఘమే చోటు చూసి చెప్పాలి, మీ మాటే రాసి పంపుతాను అన్నాడు. సంఘం అంటే అధ్యక్షురాలు, మార్కూసీ తాత, ఇంకో ఇద్దరు, రాసుకోడానికి నేను. కంచే చేను మేసిందని ఎవరైనా అంటే అనుకోనీ. నేనేం మెయ్యలేదు.

అయితే రూలొకటుంది. ఎలా చచ్చినా ఎలుగు ఎలుగే. ఆత్మరక్షణలో పోయినది కూడా ఊరి ఎనిమిదిలోకే వస్తుంది. అంటే ఆఖరి చీటీ రద్దు. ఆఖరి చీటీ ఎవరిదో మళ్ళీ రాయక్కర్లేదు.

ఆ ఉత్తరం టైపు చెయ్యాల్సింది కూడా సెక్రటరీనే. "గౌరవనీయులైన అధ్యక్షురాలికి, మీకు కేటాయించిన వేట చీటీ రద్దు చేయబడినదని తెలియజేయుటకు చింతిస్తున్నాను." లారీ దగ్గరికి వెళ్ళి ఇచ్చాను. నిలబడి చదివింది. మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"నీకేం దెబ్బ తగల్లేదు కదరా కొడుకా?" అంది.

లేదన్నాను. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఈ వాక్యం ఎందుకు రాశానో తెలీదు. కొట్టేద్దామంటే పెన్ను సరిగ్గా రావట్లేదు.


ఏప్రిల్ 15

ఇవాళ నౌయా గడువు మొదలవ్వాల్సిన రోజు. ఎండ కాసింది. గాలి లేదు. ఎలుగు వేటకి దీన్ని మించిన రోజుండదు. ఆమె లారీ మూడుసార్లు మా ఇంటి ముందు నుంచి వెళ్ళింది.

అమ్మ అంతా విని, "మరి ఆయన చీటీ?" అని అడిగింది. రద్దయిందని చెప్పాను. కాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఇటు తిరిగి, "పోన్లే, నువ్వు బతికి బయటపడ్డావు, నాకదే చాలు. ఎంత దగ్గరికొచ్చిందిరా?" అంది.

ఏడుస్తుందేమోనని భయమేసింది. పది అంగలన్నాను.

మధ్యాహ్నం ఊరి రేడియోలో జనం ఫోన్లు చేసి కబుర్లు చెప్పుకునే టైముకి మా అమ్మ ఫోను తీసుకుంది. పది నిమిషాలు మాట్లాడింది. నా కొడుకు అకీషూ ఎలుగుని పది అంగల్లో ఎదిరించాడు, దాని ఊపిరి వాడి మొహానికి తగిలింది, వాళ్ళ నాన్న అంతటివాడు అంది. ఊపిరి సంగతి నేను చెప్పలేదు. నేను చెప్పింది పది అంగలే. ఇన్నేళ్ళలో ఎవరితోనూ నన్ను పోల్చని మనిషి, నాన్నంతటివాడినని ఊరందరి చెవిలో వేసింది.

ఆమె రొట్టె ఇవాళ పూర్తిగా వదిలేసింది. మంచం మళ్ళీ మొదటి చోటికి జరపమంది. తోలు రాదు కదా, గోడ పక్కన చలి ఎందుకు అంది.


ఏప్రిల్ 16

గాలి మొదలైంది. మూడు రోజులు ఉంటుందట. సంఘం వాళ్ళు చోటు చూడ్డానికి వెళ్ళలేరు.


ఏప్రిల్ 17

గాలి. తలుపు తెరవలేం. జాడలేవైనా ఉంటే ఈపాటికి చెరిగిపోతాయి. ఉన్నా పర్వాలేదు, నాకేం భయం. ఊరికే అన్నాను.


ఏప్రిల్ 18

గాలి. గాలికి నా నమస్కారం.


ఏప్రిల్ 19

గాలి తగ్గింది. పొద్దున్నే నౌయా, మార్కూసీ తాత బండి మీద అగ్రం వైపు వెళ్ళారు. సాయంత్రం ఎండ ఉండగానే వచ్చారు. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాను. తాత నా వైపు చూసి తల ఊపాడు. మామూలుగానే ఊపాడు. నౌయా చూడలేదు.

రేపు మీటింగు.

జాడలు చెరిగిపోయి ఉంటాయి.


ఏప్రిల్ 20, శనివారం

రాస్తాను. ఎవరూ చదవరు కదా. ఇప్పుడు చదివినా ఏమవుతుంది?

టీ, రొట్టె, గడ్డకట్టిన చేప బల్ల మీద పెట్టారు. కోరం ఉందని నేనే చెప్పాను. మొదటి అంశం నా రిపోర్టు. నిలబడి చదివాను. పది అంగలు, మీదకి దూకింది, ఇంకో దారి లేకపోయింది. చదువుతుంటే నాకే నమ్మకం కుదిరింది. కూర్చున్నాను.

మార్కూసీ తాత చేపముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు మాట్లాడాడు. గాలి మెత్తటి మంచుని తింటుంది, తొక్కిన మంచుని తినలేదు అన్నాడు. అంతే అన్నాడు.

ఈ ముక్క మా ఊళ్ళో ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. అడుగు పడ్డచోట మంచు గట్టిపడుతుంది. చుట్టూ ఉన్నదంతా గాలి గీకేస్తే అడుగులు మాత్రం ఎత్తుగా లేచి నిలబడతాయి, పుట్టగొడుగుల్లాగా. వాటి మీద చెయ్యి వేసి, ఇవి నిన్నటివా మొన్నటివా చెప్పు అని నాన్న నన్ను అడిగేవాడు. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ చెయ్యే మూడు రోజులు గాలికి దణ్ణం పెట్టింది. వేటగాడన్నవాడు ఎవడైనా గాలి రాకూడదని మొక్కుకునేవాడు. పందొమ్మిదేళ్ళు కాగితాల మీద ఉంటే ఇలాగే అవుతుంది.

ఎవరూ నన్నేం అడగలేదు. నౌయా కుర్చీ ముందుకి జరుపుకుంది.

"సెక్రటరీ, మినిట్స్ రాసుకో" అంది.

పుస్తకం తెరిచాను. ఆమె ఒక్కో వాక్యం చెప్పింది, నేను రాశాను. సంఘ సభ్యులు ఇద్దరు చోటు పరిశీలించారు. ఎలుగు అడుగులు మాంసం గూడు దగ్గర నుంచి సముద్రం వైపు వెళ్తున్నాయి. వెనక్కి తిరిగిన అడుగు ఒక్కటి లేదు. పరిగెత్తిన అడుగు ఒక్కటి లేదు. మనిషి అడుగులు గుడిసె దగ్గర నుంచి దాని వెనకే వెళ్ళాయి, ఒక గట్టు దగ్గర మోకాలు ఆనించిన గుర్తు ఉంది. అక్కడ నుంచి ఎలుగు పడిన చోటికి...

ఆగింది. నేను తల ఎత్తలేదు. అసలు నాన్న ఏ ప్రశ్నా రెండుసార్లు అడిగేవాడు కాదు. ఈ నాన్న ఒక్కసారి కూడా అడగలేదు. పెన్ను పట్టుకుని నేను ఖాళీ వదిలిన చోటు వైపు చూస్తూ కూర్చుంది.

"రెండు వందల అంగలు" అన్నాను.

"రాయి."

రాశాను.

మొదటిసారి నిజం ఈ పుస్తకంలో ముందువైపు పడింది. వెనకవైపు కూడా రాసేస్తే పోతుంది. ఆ ఎలుగు వెళ్ళిపోతోంది. మాంసం వాసన చూసింది, నచ్చలేదో ఏమో, తిరిగి చూడకుండా తన దారిన తను పోతోంది. సోమవారం ఆ దారినే నౌయా వెళ్తుందని నాకు తెలుసు. తొమ్మిదో తారీకున మా ఇంట్లో చెప్పుకున్న దారి అదే, నేను పక్కనే కూర్చుని విన్నాను. మోకాలు ఆనించినప్పుడు నా కళ్ళముందు ఎలుగు లేదు, అమ్మ మంచం ఉంది. తోలు పరిచినవాణ్ణి నేనవ్వాలి అనుకున్నాను. మా నాన్న చేతిలోంచి లాక్కున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ మా నాన్న చేతిలోంచి.

తీర్మానాలు మూడు. ఒకటి, ఐదేళ్ళపాటు అకీషూ పేరు టోపీలో వెయ్యకూడదు, టోపీ మాత్రం అతనే పట్టుకోవాలి. రెండు, అబద్ధం రేడియోలో చెప్పారు కాబట్టి నిజం కూడా రేడియోలోనే చెప్పాలి, ఎవరికోసమైతే చెప్పాడో వాళ్ళు వినాలి. మూడు, నౌయా పోగొట్టుకున్న దానికి వచ్చే ఏడు మొదటి చీటీ టోపీతో పనిలేకుండా ఆమెకే. ఆఫీసరు దగ్గర్నుంచి వేరే కాగితం వస్తుందట. వచ్చినప్పుడు చూసుకుందాం.

తోలు సంగతి మిగిలింది. అది ఎవరికివ్వాలి అని అడిగితే తాత గడ్డం గోక్కున్నాడు. దొంగ ఎలుగైనా మొదటి ఎలుగు మొదటి ఎలుగే, వీడి బొడ్డు కోసింది ఎవరు అన్నాడు.

నేను ప్రయాణంలో, సముద్రపు మంచు మీద గుడారంలో పుట్టాను. చుట్టుపక్కల ఆడమనిషన్నది లేదు. నాన్నే కోశాడు, చేపలు కోసే కత్తితో.

అందరూ నౌయా వైపు చూశారు.

మొదటి వేట అందుకున్నవాళ్ళు వేటగాణ్ణి పొగడాలి. అదీ రూలే, మా సంఘానికంటే చాలా పాతది. తప్పించుకోవడానికి లేదు. నౌయా లేచి నా ముందుకొచ్చి నిలబడింది. నాకంటే జానెడు పొట్టి.

"ఒరేయ్ అబ్బాయ్, గురి బాగుంది. బుద్ధే బాగాలేదు" అంది.

యాభై ఐదేళ్ళకి మా నాన్న నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. అందులో సగమే మెచ్చుకోలు. మినిట్స్‌లో ఏం రాయాలో తెలీక, "అధ్యక్షురాలు తోలు స్వీకరించారు" అని రాశాను.


ఏప్రిల్ 21

రేడియోలో చెప్పాను. ఎంతసేపు పట్టిందో అడిగితే ఒక్క నిమిషం అన్నాడు రేడియోవాడు. పది అంగలు కాదు, రెండు వందలు. నా మీదకి రాలేదు, దాని దారిన అది పోతోంది. అది మా నాన్న వంతు ఎలుగు. మా అమ్మ పరుచుకోవాల్సిన తోలు. నేను అకీషూని.

ఇంటికి వెళ్ళకుండా ఆఫీసులో కూర్చున్నాను. అమ్మ రేడియో ఎప్పుడూ ఆపదు.

ఇలిసాపి ఫోను చేసి, ఎంతసేపు దాక్కుంటావు, నీళ్ళ లారీ వచ్చింది, నాన్న లోపలే ఉన్నాడు రా అంది.

వెళ్ళాను. నౌయా తోలు చుట్టి భుజాన వేసుకొచ్చి గుమ్మం దగ్గర దింపింది. తనది తను ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, మా అమ్మకి ఇద్దామని తెచ్చింది. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. తోలు వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"రెండు వందల అంగలా?"

"ఊఁ."

"ఎన్ని గుళ్ళు?"

"ఒక్కటే."

అమ్మ తోలు వైపు తల తిప్పింది. "మీ నాన్నకైతే మూడు పట్టేవి" అంది.

"ఏమే, నేనిక్కడే ఉన్నాను" అంది నౌయా.

ఇలిసాపి నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగింది. నేను నవ్వలేదు. నవ్వే మొహం నాకు లేదు. అమ్మా, నేను నీకోసమే అని మొదలుపెట్టాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"నాకోసం కాదు. నాకోసమైతే సోమవారం దాకా ఆగేవాడివి" అంది.

అవును. వారం రోజుల నుంచి ఈ పుస్తకంలో ముందూ వెనకా ఇన్ని పేజీలు రాశాను, ఆ ఒక్క ముక్క నాకు రాలేదు.

నౌయా తోలు మంచం మీద పరవబోయింది. అమ్మ కాలితో తోసేసింది. నీ కొడుకు నీకిచ్చింది నువ్వే ఉంచుకో, నాకు నువ్వు కొట్టింది కావాలి, నువ్వు మొట్టమొదట కొట్టింది కావాలి, నాకిచ్చిన మాట అది అంది. ఎంత బతిమాలినా వినలేదు. వినే మనిషైతే మా నాన్న ముప్పై ఏళ్ళు ఆవిడతో కాపరం చేసి అంత నెమ్మదస్తుడయ్యేవాడు కాదు. చివరికి నౌయా తోలు పట్టుకెళ్ళి నీళ్ళ లారీ సీటు మీద పరిచింది. రేపటి నుంచి నా ఎలుగు ఊరంతా ఇంటింటికీ తిరుగుతుంది. ఆఫీసరు పంపే కాగితం కంటే గట్టి శిక్ష.

లారీ వెళ్ళిపోయింది. నేను మంచం దగ్గర కింద కూర్చున్నాను. మళ్ళీ గోడ వైపు తిరుగుతుందేమో అనుకున్నాను. తిరగలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది.

"ఆయన చీటీ మళ్ళీ ఎప్పుడన్నావు?"

"వచ్చే ఏప్రిల్. మొదటి చీటీ."

"అంటే నీ పుణ్యమా అని నేనింకో ఏడాది బతకాలన్నమాట" అంది. ఒళ్ళు మండిపోతున్న గొంతుతో అంది.

తర్వాత మంచం గోడకి జరపమంది. జరిపాను. పొద్దున వదిలేసిన రొట్టె ముక్క ఎక్కడ పెట్టారని అడిగి, తీసుకుని, పూర్తిగా తిని, ఇంకోటి ఉందా అంది.